ఒత్తు లేని భద్రత

అక్షరాలు నేర్చుకున్నది అరవై దాటాక. కాబట్టి ఈ కథలో ఎక్కడైనా గుడి పెట్టాల్సిన చోట గుడిదీర్ఘం పడినా, కొమ్ము జారిపోయినా పెద్ద మనసుతో సర్దుకోండి. రాయడానికి నాకు రెండున్నర నెలలు పట్టింది. చదవడానికి మీకు అంత పట్టదు. ఒత్తుల విషయంలో మాత్రం క్షమాపణ అడగను. వాటిని మూడుసార్లు సరిచూశాను. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

ఆ ఉదయం అల్లుడు వేసుకున్న లెక్క చాలా సులువైనది. ఎనిమిదింటికి టిఫిన్ తినడం, తొమ్మిదింటికి ఇస్త్రీ చొక్కా తొడుక్కోవడం, పదింటికి భవన సంఘం అధ్యక్షురాలికి నమస్కారం పెట్టి పన్నెండు అంతస్తులూ తిప్పి చూపించడం, పదకొండింటికల్లా ఉద్యోగం ఖాయం చేయించుకోవడం.

అతను ఆ భవనానికి ఏడాదిగా తాత్కాలిక మేనేజరు. ఆ ‘తాత్కాలిక’ అనే తోక ఊడితే కింది అంతస్తులోని రెండు గదుల ఇల్లు వాళ్లకే ఉంటుంది. ఊడకపోతే నెలాఖరుకు మూటాముల్లె సర్దుకోవాలి. ఆ రెండు గదుల్లో ముగ్గురు ఉంటున్నారు: అల్లుడు, ఒకటో తరగతి పిల్లలకు పాఠాలు చెప్పే కూతురు, భర్త పోయాక కూతురి దగ్గరికి వచ్చేసిన అత్తగారు. ఇల్లు పోతుందన్న బెంగ ముగ్గురిలో అత్తగారికే ఎక్కువ. రెండు గదులు పోయి ఒక్క గదిలోకి మారితే అందులో మొదట ఎక్కువయ్యే మనిషి ఎవరో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అందుకే అల్లుడి ఎదుట ఆమె పిల్లిలా నడిచేది. పన్నెండేళ్లలో ఒక్కసారి కూడా అతన్ని ‘అండీ’ లేకుండా పలకరించలేదు.

ఇంతకీ ఆ భవనం మామూలుది కాదు, తెలివైనది. మనిషి అలికిడి వింటే దీపం వెలిగిస్తుంది. ఎండ పెరిగితే కిటికీ తెరలు దింపుతుంది. ట్యాంకులో నీళ్లు తగ్గితే మోటారు వేసుకుంటుంది. లిఫ్టులు, తలుపులు, చల్లగాలి యంత్రాలు అన్నీ కింది అంతస్తులో వాళ్లింటి పక్క గదిలో ఉన్న ఒక్క కంప్యూటరు చెప్పినట్టు వింటాయి. అయితే తెలివి మరీ ఎక్కువైనవాళ్లకుండే జబ్బు దానికీ ఉంది. తియ్యగా చెబితే ఎవరి మాటైనా నమ్మేస్తుంది. కిందటి నెల పక్క వీధిలోని ఇలాంటి భవనంలోకి దొంగ సాఫ్ట్‌వేర్ ఒకటి దూరింది. రెండు రోజులు తలుపులు తెరుచుకోలేదు. లోపలున్నవాళ్లు కిటికీల్లోంచి తాళ్లు వదిలి, బుట్టల్లో కూరగాయలు పైకి లాక్కున్నారు. అప్పటినుంచి అధ్యక్షురాలు ఎవరు ఎదురైనా ఒకటే అడుగుతోంది: “మన భవనం భద్రమేనా?”

భద్రమేనని చూపించడానికి అల్లుడు వారం నుంచి నిద్రాహారాలు మానినంత పని చేశాడు. భవనంలో పనిచేసేవాళ్లందరినీ కూర్చోబెట్టి ఉపన్యాసం ఇచ్చాడు.

“ముక్కూ మొహం తెలియని ఉత్తరం కంప్యూటరులోకి వస్తుంది. ఇక్కడ ఒత్తండి, అక్కడ ఒత్తండి అంటుంది. ఒత్తారో, మనం అయిపోయినట్టే! ఎవరూ ఏదీ ఒత్తకూడదు. అర్థమైందా?”

“అర్థమైంది సార్,” అన్నాడు గేటు బాబాయి. గేటు దగ్గర కాపలా ఉండే ఆయన్ని చిన్నా పెద్దా అందరూ అలాగే పిలుస్తారు. “మరి ఎవరింటికైనా వెళ్తే కాలింగ్ బెల్ ఒత్తొచ్చా?”

ఆ ఉపన్యాసాన్ని అత్తగారు కూడా వెనక నిలబడి శ్రద్ధగా వింది. ఆమె శ్రద్ధంతా ఈ మధ్య అక్షరాల మీదే. కూతురు బడిలో పిల్లలకు చెప్పేది చాలక ఇంటికొచ్చి తల్లికి చెబుతోంది. తల్లి అని జాలి లేదు. తప్పు రాస్తే వందసార్లు రాయాల్సిందే.

“అమ్మా, ఇదేంటి? భద్రత అని రాయమంటే బద్రత అని రాశావ్. ఒత్తు ఏది?”

“ఆ కింద చిన్న గీతే కదే. కళ్లకు ఆనలేదు.”

“చిన్న గీతా! ఒత్తు తీసేస్తే అది భద్రత కాదమ్మా, బద్దలే. రాయి వందసార్లు.”

రాసింది. నూటొక్కసారి రాసింది. అప్పటినుంచి ఏ అక్షరం కనబడినా కింద వేలు పెట్టి, కూడబలుక్కుంటూ, పైకే చదవడం ఆమెకు అలవాటైపోయింది. సబ్బు కాగితం, మందు సీసా, లిఫ్టులో ఎంతమంది ఎక్కాలో రాసిన పలక, ఆఖరికి అల్లుడి చొక్కా మెడ వెనక కుట్టిన పట్టీ. అల్లుడు చొక్కా వేసుకున్నాకే ఆమె ఆ పట్టీ చదవడానికి ప్రయత్నించడం అతనికి కొంచెం ఇబ్బందిగానే ఉండేది గాని, పైకి అనేవాడు కాదు.

ఆ రోజు కంగారులో అల్లుడు టిఫిన్ తినకుండానే కంప్యూటరు గదిలోకి వెళ్లిపోయాడు. తొమ్మిదిన్నరకు అత్తగారు డబ్బా పట్టుకుని వెళ్లింది. తెర మీద ఉత్తరం ఒకటి పెద్ద పెద్ద అక్షరాలతో ఉంది. భవనం యంత్రాలను చూసుకునే సంస్థ పేరు ‘భవన భద్రత’. ఉత్తరం వాళ్ల దగ్గర్నుంచే వచ్చినట్టుంది. మీ భవనానికి ఈ పూట ప్రమాదం పొంచి ఉంది, కింద ఉన్న ఎర్ర బొమ్మను వెంటనే ఒత్తి కాపాడుకోండి అని దాని సారాంశం. అల్లుడు గడ్డం గోక్కుంటూ చూస్తున్నాడు.

“ఈ ఒక్క రోజే రావాలా ఇది? ఒత్తాలో వద్దో… దేనికైనా మంచిది, ఓసారి వాళ్లకి ఫోన్ చేసి అడుగుతా,” అని గొణుక్కుంటూ ఫోను కోసం జేబు తడుముకున్నాడు. కుడిచెయ్యి మాత్రం మౌసు మీదే ఉంది.

అత్తగారు డబ్బా కింద పెట్టి, తెర దగ్గరికి వంగి, వేలు పెట్టింది. “భ… వ… న… భవన. బ… ద్ర… త.” వేలు అక్కడే ఆగిపోయింది. మళ్లీ చదివింది. మొదటి మాటలో భ కింద గీత ఉంది. రెండో మాటలో లేదు. సంస్థ వాళ్లు తమ పేరు తామే తప్పు రాసుకుంటారా?

“బాబూ! ఒత్తు!” అని అరిచింది.

అల్లుడు ఉలిక్కిపడ్డాడు. “ఏంటత్తయ్యగారూ?”

“ఒత్తు బాబూ, ఒత్తు! ఇక్కడ చూడండి, ఒత్తు!”

అల్లుడు ఒత్తాడు.

“…లేదు,” అంది అత్తగారు.

అల్లుడు మౌసు వదిలి వెనక్కి తిరిగాడు.

“ఏం లేదు?”

“ఒత్తు లేదు బాబూ. బ కింద. భద్రత అని ఉండాలి కదా, బద్రత అని ఉంది. అసలువాళ్లు ఇలా రాయరు. దొంగ ఉత్తరమేమో, ఒత్తొద్దు అని చెబుదామని…”

అల్లుడు తెర వంక చూశాడు. అత్తగారి వంక చూశాడు. తర్వాత తన చూపుడు వేలి వంక, అది వేరే ఎవరిదో అయినట్టు చూశాడు.

“మరి ఒత్తు, ఒత్తు అని అరిచారు కదండీ!”

“ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పాను బాబూ. మీరు ఒత్తేస్తారని నాకేం తెలుసు?”

“పన్నెండేళ్లుగా నన్ను అండీ అనకుండా ఒక్క మాట అనలేదు మీరు! అలాంటివారు ఒక్కసారిగా ‘ఒత్తు’ అన్నారంటే ఎంత ముంచుకొచ్చిందో అనుకున్నాను!”

ముంచుకు రావడం అప్పుడు మొదలైంది. ముందు పన్నెండు అంతస్తుల కిటికీ తెరలూ ఒక్కసారిగా పైకి లేచాయి, దిగాయి, మళ్లీ లేచాయి. దూరం నుంచి చూసేవాళ్లకు భవనం కన్ను కొడుతున్నట్టుంది. ముందు తలుపు ఎవరూ లేనప్పుడు తెరుచుకుంటోంది, మనిషి దగ్గరికి వస్తే మూసుకుంటోంది. గేటు బాబాయి కాసేపు తలుపుతో దోబూచులాడి, చివరికి దానికి వీపు చూపించి, ఎటో పోతున్నట్టు నటిస్తూ వెనక్కి వెనక్కి నడిచి లోపలికి దూరాడు.

“సార్, అధ్యక్షురాలుగారు ముందే వచ్చేశారు! గుమస్తాను కూడా వెంటబెట్టుకొచ్చారు. పైనుంచి కిందికి చూసుకుంటూ వస్తామని లిఫ్టెక్కారు!”

అల్లుడు కుర్చీలో కూలబడ్డాడు. తెర మీద ఇంకో మాట ప్రత్యక్షమైంది. అత్తగారు వేలు పెట్టి చదివింది. “ఇక ఈ బవనం మా మాట వింటుంది. బయపడండి.” ఆమె తల అడ్డంగా ఊపింది. “వీడికి ఒత్తులు ఒక్కటీ రావు బాబూ. మా అమ్మాయి చేతిలో పడితే బాగుపడేవాడు.”

లిఫ్టులో అధ్యక్షురాలు పన్నెండు నొక్కింది. లిఫ్టు ఏడో అంతస్తులో ఆగింది. తలుపు తెరుచుకుంటే ఎదురుగా పళ్ల డాక్టరు ఆసుపత్రి. రెండేళ్లుగా అధ్యక్షురాలికి ఒక దంతం సలుపుతోంది. రెండేళ్లుగా ఆమె ఆ డాక్టరును తప్పించుకు తిరుగుతోంది.

“రండి రండి! ఇన్నాళ్లకు దారి తెలిసిందా?” అన్నాడు డాక్టరు.

“మీకోసం కాదండీ,” అని ఆమె మళ్లీ లిఫ్టెక్కి పన్నెండు నొక్కింది. లిఫ్టు పైకి పోయినట్టే పోయి, ఏడులో దింపింది.

“మొహమాటపడకండి, కుర్చీ ఖాళీగానే ఉంది,” అన్నాడు డాక్టరు. ఈసారి ఆమె కింది అంతస్తు నొక్కింది. ఏడో అంతస్తే వచ్చింది. ఇక అది తలరాత అనుకుందో ఏమో, గుమస్తా చేతికి సంచి ఇచ్చి, ఒక్క నిట్టూర్పు విడిచి, వెళ్లి కుర్చీలో కూర్చుంది.

కింద అల్లుడు సంస్థకు ఫోను చేశాడు. అసలు సంస్థకు. ఒక ఇంజనీరమ్మాయి ఎత్తింది. అతను జరిగింది చెప్పి ఫోను గట్టిగా వినబడేలా బల్ల మీద పెట్టాడు.

“కంగారుపడకండి సార్. మీ కంప్యూటరులో పురుగు పడింది,” అంది ఆ అమ్మాయి. “దొంగ ప్రోగ్రాముల్లో అదో రకం. ఒకచోట పడిందంటే అంతస్తు నుంచి అంతస్తుకు పాకేస్తుంది.”

గుమ్మంలో ఉన్న గేటు బాబాయి ‘పురుగు’, ‘పాకేస్తుంది’ అన్న రెండు మాటలు విన్నాడు. మిగతావి ఆయనకు అనవసరం. “ఇంతేనా! ఇంతోటి దానికి ఫోన్లెందుకు సార్!” అంటూ సామాన్ల గదికి పరుగెత్తాడు. దోమలకు పొగ కొట్టే యంత్రం అక్కడుంది.

“ముందు బయటికి వెళ్లే నీలం తీగ పీకేయండి,” అంది ఇంజనీరమ్మాయి. అల్లుడు వెతికి పీకేశాడు. “ఇప్పుడు వాడు బయటినుంచి ఏమీ చెప్పలేడు. లోపల పడ్డదాన్ని మనం తీసేయాలి. నడుస్తున్న వాటన్నిటి పేర్లూ వరసగా తెర మీద పెట్టండి. దొంగది మా పేరే పెట్టుకుని మా వాటి మధ్యలో దాక్కుంటుంది. అదొక్కటే తీయాలి. పొరపాటున మాది ఒకటి తీశారనుకోండి, లిఫ్టులు ఎక్కడివక్కడ బిగుసుకుపోతాయి. మళ్లీ నడవాలంటే వారం పడుతుంది.”

పేర్లు తెర మీదికి వచ్చాయి. భవన భద్రత దీపాలు ఒకటో అంతస్తు, భవన భద్రత తలుపులు ఒకటో అంతస్తు, భవన భద్రత నీళ్లు ఒకటో అంతస్తు… అలా పన్నెండు అంతస్తులకూ డెబ్బై పైచిలుకు వరసలు. అల్లుడు గబగబా పైనుంచి కిందికి చూశాడు. కిందినుంచి పైకి చూశాడు.

“అన్నీ ఒకటేనమ్మా! దేనికీ తేడా లేదు!”

సరిగ్గా అప్పుడే హాల్లో గేటు బాబాయి యంత్రం మొదలెట్టాడు. బుస్సుమంటూ తెల్లటి పొగ హాలంతా కమ్మింది. పొగను చూసి భవనం నిప్పంటుకుందనుకుంది. పాపం, ఆ ఉదయం అది సొంతంగా చేసిన పని అదొక్కటే. గంటలు గణగణమన్నాయి. హాలు పైకప్పులోని గొట్టాలు తెరుచుకుని జడివాన కురిసింది. అన్ని అంతస్తుల జనం మెట్ల మీదుగా కిందికి పరుగెత్తుకొచ్చి ఆ వానలో నిలబడ్డారు.

“ఏమైంది?” అని ఒకరు.

“పురుగు పడిందట!” అని గేటు బాబాయి.

“ఎంత పురుగయ్యా, ఇంత హడావుడి?”

“పన్నెండంతస్తులు పాకేంత!”

వింటున్నవాళ్లలో ఇద్దరు వానలోనే బల్లలెక్కారు.

కంప్యూటరు గదిలో అల్లుడు తల పట్టుకున్నాడు. “అయిపోయిందత్తయ్యగారూ. ఉద్యోగం పోయింది. ఇల్లూ పోయింది. సాయంత్రం మీ అమ్మాయికి మీరే చెప్పండి. నాకు ధైర్యం చాలదు.”

పోయేది ఇల్లు. పోగొట్టింది తన నోరు అనుకుంది అత్తగారు. స్టూలు లాక్కుని, తెర ముందు కూర్చుని, మొదటి వరస కింద వేలు పెట్టింది.

“భ… వ… న… భ… ద్ర… త. దీ… పా… లు.”

“అత్తయ్యగారూ, ఇలా అయితే తెల్లారుతుంది!”

“సార్, చదవనివ్వండి,” అంది ఫోనులో ఇంజనీరమ్మాయి. “ఎవరండీ ఆవిడ? అలాగే చదవండమ్మా. తొందరలేదు.”

ఆమెను ఎవరైనా తొందరలేదు అనడం అదే మొదటిసారి. వరస తర్వాత వరస చదివింది. బయట గంటలు మోగుతున్నాయి, జనం అరుస్తున్నారు, గుమ్మం కిందనుంచి నీళ్లు పాదాల దాకా వచ్చాయి. ఆమె కొంగు ఎత్తి దోపుకుని ఇరవయ్యో వరస చదివింది. ముప్పయ్యోది చదివింది. ముప్పై ఏడో వరసలో వేలు ఆగింది. ఆరో అంతస్తు చివరి వరసకూ, ఏడో అంతస్తు దీపాలకూ మధ్య.

“ఇదిగో. ఇక్కడ లేదు.”

“ఏం లేదు?” అన్నాడు అల్లుడు. చేతులు రెండూ వెనక్కి కట్టుకుని మరీ అడిగాడు.

“ఆ మాట మళ్లీ నా చేత అనిపించకండి బాబూ. బ కింద ఉండాల్సింది లేదు.”

ఇంజనీరమ్మాయి ఒక్క కేక పెట్టింది. “అదే! తీసేయండి సార్!”

అల్లుడు అత్తగారి వంక చూశాడు. “మరి… ఒత్తమంటారా?”

అత్తగారు ఆలోచించింది. “నొక్కండి,” అంది.

నొక్కాడు. కిటికీ తెరలు దిగి నిలబడ్డాయి. ముందు తలుపు మనుషులను చూసి మర్యాదగా తెరుచుకుంది. హాల్లో పొగ విడిపోవడంతో గంటలు ఆగాయి. వాన ఆగింది. ఆ నిశ్శబ్దంలో మెట్ల మీదినుంచి చెప్పుల చప్పుడు వినబడింది. లిఫ్టు మీద నమ్మకం పోయిన అధ్యక్షురాలు ఏడంతస్తులు నడిచి దిగుతోంది. బుగ్గ బూరెలా వాచి ఉంది. నోట్లో దూది. వెనక గుమస్తా చేతిలో చిన్న పొట్లం, అందులో దంతం.

ఆమె కంప్యూటరు గది గుమ్మం ముందు నీళ్లలో నిలబడి, హాల్లో తడిసిన జనాన్ని, పొగ యంత్రాన్ని, బల్లలెక్కినవాళ్లను వరసగా చూసింది. మత్తుమందుకు మొద్దుబారిన నోటితో ఎప్పటి ప్రశ్నే అడిగింది.

“మన బవనం బద్రమేనా?”

“భద్రం అమ్మా,” అంది అత్తగారు, కూతురి అలవాటు ప్రకారం. “ఒత్తుతో.”

అల్లుడు కళ్లు మూసుకున్నాడు. ఇల్లు అనేది ఇంకా ఎక్కడైనా మిగిలి ఉంటే అదీ ఆ క్షణాన పోయిందనుకున్నాడు.

అన్నాక అత్తగారికి తను ఎవరిని దిద్దిందో తెలిసొచ్చింది. చేతులు జోడించింది. “తప్పు నాదేనమ్మా. అల్లుడుగారు ఆగుదామనే అన్నారు. ఒత్తు ఒత్తు అని అరిచింది నేనే. శిక్ష వేస్తే నాకు వేయండి. వాళ్ల ఇల్లు మాత్రం తీయకండి. నేను ఎక్కడికైనా పోతాను.”

“అత్తయ్యగారూ!” అన్నాడు అల్లుడు. “మీరెక్కడికి పోతారు? వేలు నాది. ఉపన్యాసమిచ్చిందీ నేనే, ఒత్తిందీ నేనే. పోతే అందరం కలిసే పోదాం.”

బల్ల మీద ఫోను ఇంకా పలుకుతూనే ఉంది. “మేడమ్, ఒక్క మాట. ఈ వారంలో ఈ దొంగ ఉత్తరం పదకొండు భవనాలకు వెళ్లింది. పదకొండుమంది మేనేజర్లూ ఒత్తేశారు. పదింటిలో ఇంకా లిఫ్టులు నడవట్లేదు. గంటలో బాగుపడింది మీదొక్కటే. చదువుకున్నవాళ్లం మేం మాటను చూసి దాటేస్తాం మేడమ్. అక్షరాన్ని చూసేది ఆవిడొక్కరే.”

అధ్యక్షురాలు బుగ్గ పట్టుకుని గుమస్తాను పక్కకు పిలిచి, నోటికొచ్చినట్టు, అంటే ఆ నోటికి ఎలా వచ్చిందో అలా, ఉత్తరం చెప్పి రాయించింది.

విషయం మధ్యాహ్నానికి భవనమంతా పాకింది. ఇక మీద కంప్యూటరులోకి వచ్చే ప్రతి ఉత్తరాన్నీ ముందు అత్తగారు వేలు పెట్టి చదవాలి. ఆమె సరేనన్నాకే మేనేజరు ఏదైనా నొక్కాలి. ఆ పనికి ఆమెను శాశ్వతంగా తీసుకున్నారు. మేనేజరు ఇంకో ఆరు నెలలు తాత్కాలికమే. కింది అంతస్తు ఇల్లు శాశ్వత ఉద్యోగులకు మాత్రమే కాబట్టి అది అత్తగారి పేరున రాశారు. గేటు బాబాయి ఆమెకు అప్పుడే పేరు కూడా పెట్టేశాడు: ఒత్తులత్తయ్య.

సాయంత్రం కూతురు బడి నుంచి వచ్చి అంతా విని, నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది.

“అయితే ఏవండీ, ఈ రోజు నుంచి మీరు ఇల్లరికపుటల్లుడన్నమాట.”

“ఉండనియ్యవే,” అన్నాడు అల్లుడు నీరసంగా. “అత్తయ్యగారూ, కొంచెం మంచినీళ్లు…”

“గ్లాసు అక్కడే ఉంది బాబూ, తీసుకోండి,” అంది అత్తగారు. పన్నెండేళ్లలో అదీ మొదటిసారే.

అంతలో గుమస్తా నియామక పత్రం తెచ్చి ఇచ్చాడు. కింద అధ్యక్షురాలి సంతకం ఉంది, సంఘం ముద్ర ఉంది. అత్తగారు దీపం కిందికి జరిగి, మొదటి మాట దగ్గర వేలు పెట్టింది. “బ… వ… న. బ… ద్ర… త. ఉ… ద్యో… గి… ని.” మొద్దుబారిన నోరు చెప్పింది చెప్పినట్టు గుమస్తా రాసుకున్నాడు. ఏ బ కిందా ఒత్తు లేదు.

ఉద్యోగంలో చేరిన మొదటి రోజు ఆమె పట్టుకున్న మొదటి దొంగ ఉత్తరం అదే.

ఇట్లు,
ఒత్తులత్తయ్య, అరవై ఎనిమిదేళ్లు. ఇప్పుడు ఉండేది కింది అంతస్తులో, కంప్యూటరు గది పక్కన, నా పేరున ఉన్న రెండు గదుల్లో.